ఇరువది నిమిషముల ప్రయాణము

ఊరగాయ జాడీలకు వానకాలమున బూజు పట్టకుండ చూచుకొను విధమును ఈ మాసమున వ్రాయుదునని వెనుకటి సంచికలో మాట యిచ్చియుంటిని. ఆ మాట తప్పుచున్నాను, మన్నింపుడు. జాడీలు మరియొక నెల వాసెన కట్టుకొని యుండగలవు. మా ప్రక్కయింటి పిన్నిగారి యింట నడచిన యీ సంగతి నా మనస్సున చల్లారక ముందే వ్రాయవలెనని తోచినది. పిల్లలను సముద్రముల కావలికి పంపి గడియారము వంక చూచుచు కూర్చుండు తల్లులు మనలో నిప్పుడు తక్కువమంది కారు. వారిలో నొకరికైన నిది పనికివచ్చునేమో.

పిన్నిగారికి ఇద్దరు కుమార్తెలు. పెద్దమ్మాయి భర్తతో లండను నగరమున కాపురమున్నది. చిన్నమ్మాయి పారిసులో పై చదువు చదువుచున్నది. పెద్దమ్మాయికి తొలి కాన్పు. జ్యేష్ఠమాసమున నెలలు నిండునని వైద్యులు చెప్పిరి. ఆ బిడ్డకు అత్తగారు లేరు. పిన్నిగారే పోవలెనని శొంఠిపొడి, మిరియములపొడి, మెత్తని పాతచీరల పొత్తిగుడ్డలు అన్నియు మూట కట్టుకొని సిద్ధమైరి. కాని సంక్రాంతి వెళ్లిన పదిదినములకు బాబయ్యగారికి పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు స్వాధీనము తప్పినవి. ఆయనను విడిచి ఆమె గడప దాటుటకు వీలులేకపోయెను. మూట పెట్టెలోనే యుండిపోయెను. ఇక అక్కగారి దగ్గరకు పోదగిన ఆడుదిక్కు చిన్నమ్మాయి యొక్కతెయే.

చైత్రమాసమున ఒక సాయంకాలము పిన్నిగారు ఒక కాగితము పట్టుకొని మా వాకిటికి వచ్చిరి. విమానపు టిక్కెట్ల వెలలు తెలియుటకై చిన్నమ్మాయి పంపినది. అందులో ‘పారిసు 9-30, లండను 9-50’ అని అచ్చుపడియున్నది.

“అమ్మాయీ, చూశావా? ఇరవై నిమిషాలే! మన తెనాలి నుంచి గుంటూరు పోవడానికి ఇంతకన్న ఎక్కువ పడుతుంది. దీనికోసం అది చదువు పాడుచేసుకుని ముందుగా పోయి కూర్చోవడం ఎందుకు? నొప్పులు మొదలైనాయని కబురందాక బయల్దేరినా, తొలికాన్పు గదా, పిల్ల పుట్టేలోగా చేరుకోదూ?”

నెలల తరబడి ఆమె మొగమున నే నెరుగని నిశ్చింత అప్పుడు కనబడెను. దానిని చెరుపుటకు నాకు నోరు రాలేదు. తిరుగు ప్రయాణపు కాగిత మున్నదేమో చూడుమంటిని. ఉన్నది. అందులో ‘లండను 6-00, పారిసు 8-20’ అని యున్నది.

“అదేమిటే! పోయేటప్పుడు ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు రెండు గంటల ఇరవై నిమిషాలా? ఎదురుగాలా?”

అప్పటికి మావారు బడినుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచుండిరి. ఎవరైన భూగోళశాస్త్రపు ప్రశ్న యడిగినచో కాఫీ యైన మరచిపోవు స్వభావము వారిది. వెంటనే అటకమీది గోళమును దింపి, తుడిచి, ఒక దారమును లండను నుండి పారిసునకు బిగించి పట్టిరి. ఆ దారము పొడవు నా చిటికెనవ్రేలి కొనగోరంత! పుస్తకము చూచి చెప్పిరిగదా, గగనమార్గమున ఆ రెండు నగరములకు నడిమి దూరము 344 కిలోమీటర్లు. బెజవాడ నుండి విశాఖపట్టణమునకు రైలుమార్గము 350. పిన్నిగారు విశాఖకు పలుమారులు పోయివచ్చినవారు. “అంత దూరం ఇరవై నిమిషాల్లో ఎట్లా పోతుంది?” అని వారే అడిగిరి. సందేహము వచ్చినది కనుక ఇక చెప్పుట సులువయ్యెను.

ఆ రెండు కాగితములలోని లెక్కకు చిన్న ఉపాయ మున్నది. పోకకు కనబడు ఇరువది నిమిషములను, రాకకు కనబడు నూట నలువది నిమిషములను కూడుడు. నూట అరువది యగును. అందు సగము ఎనుబది. అనగా ఒక గంట ఇరువది నిమిషములు. అదియే నిజమైన ప్రయాణకాలము. ఆ రెండింటికిని గల వ్యత్యాసము నూట ఇరువది. అందు సగము అరువది. అనగా పారిసు గడియారము లండను గడియారము కంటె ఒక గంట ముందున్నదన్నమాట. టిక్కెట్టుమీద ఏ యూరి సమయమున కా యూరి గడియారము ననుసరించి అచ్చు వేయుదురు. పారిసులో 9-30కు బయలుదేరిన విమానము 10-50కి దిగును. కాని ఆ వేళకు లండను గడియారములో 9-50 మాత్రమే. పిన్నిగారు ఎదురుగాలి యనిన మాటయు పూర్తిగ తప్పు గాదు సుమా! ఆ ప్రాంతమున తరచుగ పడమటి గాలి వీచును. అది లండను నుండి పారిసు పోవువారికి తోడుపడి, పారిసు నుండి వచ్చువారికి ఎదురగును. ఐనను ఇంత చిన్న దారిలో దాని తేడా కొద్ది నిమిషములే.

ఇంతకును ఈ గంట వ్యత్యాసము సూర్యభగవానుడు పెట్టినది కాదు. పారిసు నగరము గ్రీన్విచి రేఖకు తూర్పుగ 2 డిగ్రీల 20 నిముషముల దూరమున నున్నది. ఆ లెక్కను పారిసులో ప్రొద్దు 9 నిమిషముల 21 సెకండ్లు మాత్రమే ముందుగ పొడువవలెను. ఫ్రాన్సు దేశమువారు 1911లో ఇంగ్లండు గడియారమునే అనుసరింప నిశ్చయించుకొనిరి. కాని గ్రీన్విచి పేరు శాసనమున వ్రాయుటకు అభిమాన మడ్డువచ్చి, ‘పారిసు కాలమునకు 9 నిమిషముల 21 సెకండ్లు తక్కువ’ యని వ్రాసికొనిరట! పేరెత్తకుండ ప్రక్కింటివారి ఋణము తీర్చుకొను కోడండ్రు నాకు జ్ఞప్తికి వచ్చిరి. పిదప 1940లో జర్మనుల సేనలు పారిసును పట్టుకొని తమ దేశపు గడియారమును అక్కడ నెలకొల్పినవి. సేనలు పోయినవి, గడియారము మాత్రము పోలేదు. వేసవిలో ఇరుదేశములవారును గడియారములను మరియొక గంట ముందునకు జరుపుకొందురు; ఇరువురును ఒక్కనాడే జరుపుదురు గనుక నడుమ నున్న గంట అట్లే యుండును.

సరే, ఇరువది పోయి ఎనుబది వచ్చినది. ఐనను విమానము గంటకు 800 కిలోమీటర్లు పోవుననిరి గదా, 344 కిలోమీటర్లకు 26 నిమిషములు చాలవలెను; ఎనుబది ఏల? అని నాకే సందేహము కలిగెను. దీని సంగతి విచారింపగా తెలిసినదేమనగా, కాగితముమీది కాలము విమానము ఆకాశమున నున్న కాలము కాదు. తలుపు మూసికొని కదలినది మొదలు, ఆవలి యూర నిలిచి తలుపు తెరచువరకు లెక్క. పారిసులోని ఛార్లెస్ డిగాల్ విమానాశ్రయము మిక్కిలి పెద్దది. అందు విమానము నేలమీద దొరలి, తన వంతు వచ్చి, ఎగురుచోటికి పోవుటకే చాల సేపగును. పైకెక్కుటకు కొంత, దిగుటకు కొంత. నడుమ పూర్తివేగమున పోవు కాలము మన కాఫీ చల్లారునంతసేపే. లండనులోని హీత్రూ విమానాశ్రయమునకు రెండే దారులు గలవు. ఉదయము మొదలు రాత్రివరకు విమానములు ఒకదాని వెనుక నొకటి యెడతెగక దిగుచుండును. కావున ఒకొకప్పుడు వచ్చినవానిని నగరము చుట్టును నాలుగు తావుల, మెట్లు మెట్లుగా ఒకదానిపై నొకటి, గుండ్రముగ తిరుగుచుండ నిలుపుదురు. అన్నము వడ్డించుటకు విస్తళ్లు ఖాళీ కావలెనని పంక్తి బయట నిలుచున్న చుట్టముల వలె నన్నమాట. ఈ యాలస్యము నంతటిని ముందుగనే ఊహించి కాగితముమీద వేయుదురు.

ఆ రాత్రి భోజనముల వేళ మావారు ఆ మార్గపు పూర్వకథ నెత్తుకొనిరి. కొన్ని చెప్పకుండ నుండలేను. ఆ రెండు దేశములకు నడుమ ఇంగ్లీషు ఛానలు అను జలసంధి యున్నది. డోవరు, కలే అను రేవుల కడ దాని వెడల్పు సుమారు 34 కిలోమీటర్లు మాత్రమే. 1785వ సంవత్సరము జనవరి 7వ తేదీన బ్లాంషారు అను ఫ్రెంచివాడు, జెఫ్రీసు అను అమెరికా వైద్యుడు పొగబుడగవంటి వాయుగోళమున డోవరునుండి బయలుదేరిరి. నడిసముద్రమున ఆ గోళము క్రుంగిపోజొచ్చెను. బరువు తగ్గించుటకై తెచ్చిన సామాను పారవైచిరి. పిమ్మట పైబట్టలును పారవైచిరి. ఆ జనవరి చలిలో వణకుచు ఫ్రాన్సు అడవిలో దిగిరి! రెండున్నర గంటలు పట్టెను. 1909 జూలై 25న బ్లెరియో అను నాతడు తాను చేసికొన్న విమానమున కలే నుండి డోవరు కోటవరకు 37 నిమిషములలో ఎగిరెను. అంతకు ముందే కాలు కాలి యుండుటచే అతడు చంకకఱ్ఱలతో నడచి వచ్చి విమాన మెక్కెను. అతని భార్య వెంబడించు ఓడమీద నుండెను. విమానము ఓడను దాటి కనుమరుగైపోయినది. అతడు క్షేమముగ చేరెనని తెలియువరకు ఆ యిల్లాలు ఆ ఓడమీద ఎట్లు నిలుచుండెనో ఏ చరిత్రకారుడును వ్రాసినట్లు లేదు.

1912 ఏప్రిల్ 16న హారియెట్ క్వింబీ యను అమెరికా వనిత తానే విమానము నడుపుకొని ఛానలు దాటినది. స్త్రీలలో ఆమెయే మొదటిది. కాని ముందటినాడే టైటానిక్ ఓడ మునిగెను. పత్రికల నిండ ఆ విషాదమే. ఈమె సాహసమునకు ఒక మూల చోటు దొరికినది. మన దేశపు ఆడుపడుచు ఆరతీ సాహా 1959 సెప్టెంబరు 29న అదే జలసంధిని ఈదినది. ఆసియాఖండపు స్త్రీలలో మొదటిది. ఆమెకు పట్టిన కాలము పదునారు గంటల ఇరువది నిమిషములు. ఈ ఇరువది నిమిషములు మమ్ము విడుచునట్లు లేవని నేనంటిని.

ప్రతిదినమును లండను, పారిసుల నడుమ విమానము నడుపుట 1919 ఆగస్టు 25న మొదలైనది. హీత్రూకు సమీపముననున్న హౌన్‌స్లో మైదానమునుండి ఒక్క ప్రయాణికునితో, కొన్ని వార్తాపత్రికలు, తోళ్లు, మీగడ, వేటపక్షులతో ఆ విమానము బయలుదేరి సుమారు రెండున్నర గంటలలో పారిసు ప్రక్కనున్న ల బుర్జే చేరెను. ఆ కాలపు చోదకులు క్రింది రోడ్లను, రైలుపట్టాలను చూచుకొనుచు పోయెడివారు. అట్లు ఒకే త్రోవను చూచుకొనుచు ఎదురెదురుగ వచ్చిన రెండు విమానములు 1922 ఏప్రిల్ 7న పొగమంచులో ఢీకొని ఏడుగురు చనిపోయిరి. ఆకాశమున గూడ ఎడమ, కుడి చూచుకొని పోవలెనను కట్టుబాటులు అటుతరువాతనే గట్టిపడినవి. రెండున్నర గంటల ప్రయాణము నూరేండ్లలో గంట ఇరువది నిమిషములయ్యెను. వేగము ఎన్నియో రెట్లు పెరిగినది, కాలము మాత్రము సగమే తగ్గినది. మిగిలిన దెక్కడ పోయెనో పైన చెప్పితిని.

మరునాడు నేనును పిన్నిగారును కూర్చుండి అసలు లెక్క వేసితిమి. అది ఊరినుండి ఊరికి గాదు, గడపనుండి గడపకు వేయవలసిన లెక్క. చిన్నమ్మాయి గదినుండి విమానాశ్రయము చేరుటకు ఒక గంట. పరదేశ ప్రయాణము గనుక రెండు గంటలు ముందుగ నుండవలెను. విమానమున గంట ఇరువది. దిగి, బారులో నిలిచి, పాసుపోర్టు చూపి, పెట్టె తీసికొనుటకు ముప్పాతిక గంట. అచ్చటనుండి ఆసుపత్రికి మరియొక గంట. వెరసి ఆరుగంటలు! పిన్నిగారు వ్రేళ్లు మడచి రెండుమారులు లెక్కపెట్టిరి. “ఆరుగంటలా?” అనిరి. ఆ ఒక్కమాటతో మొన్నటి నిశ్చింత పోయెను.

రైలుదారియు నున్నది. సముద్రపు అడుగున సొరంగము త్రవ్వి 1994 మే 6న తెరచిరి. దాని పొడవు 50 కిలోమీటర్లకు పైమాట. అందు 38 కిలోమీటర్లు నీటి క్రిందనే. మొదట పారిసు ప్రయాణమునకు మూడుగంటలు పట్టెడిది. 2007 నవంబరులో ఇంగ్లండు ప్రక్కనను వేగపు పట్టాలు పూర్తియైన తరువాత రెండుగంటల పదునైదు నిమిషములకు దిగెను. బయట గంటకు 300 కిలోమీటర్ల వేగమున పోవు ఆ బండి సొరంగములో 160కి తగ్గును. సొరంగము దాటుటకు సుమారు ఇరువది నిమిషములు పట్టును. పిన్నిగారు కాగితముమీద చూచిన ఇరువది నిమిషములు నిజముగ నెక్కడనైన గలవన్నచో అవి ఆ చీకటిలోనే గలవు. రైలుమార్గము 492 కిలోమీటర్లు. విమానపుదారి కంటె చాల చుట్టు. ఐనను ఆ బండి నగరపు నడిబొడ్డున ఎక్కించి నడిబొడ్డున దింపును. ఇరుదేశములవారును పాసుపోర్టులను ఎక్కుచోటనే చూతురు గనుక దిగినచోట బారులు లేవు. గడపనుండి గడపకు నాలుగున్నర, ఐదుగంటలు. 344 కంటె 492 దగ్గర యగుట మావారి గోళముమీద ఏ దారమునకును అందదు.

ఇంతవరకు సంతోషించి చిన్నమ్మాయితో ఫోనులో మాటలాడితిమి. అది అంతయు విని, “అక్కా, ఆరుగంటలో ఐదుగంటలో తరవాత మాట. నాకు లండను పోవడానికి వీసా కావాలి గదా!” అనెను.

పిన్నిగారు తెల్లబోయిరి. “రెండూ సీమదేశాలే గదే?” అనిరి. నిజము చెప్పవలెనన్న, నేనును అట్లే యనుకొనియుంటిని. ఐరోపాలో ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ మొదలగు పెక్కుదేశములు షెంగెను ఒడంబడిక యను కట్టుబాటుచే ఒండొరుల సరిహద్దులలో పాసుపోర్టు అడుగుట మానుకొన్నవి. పారిసు చదువునకై ఇచ్చిన అనుమతితో మన పిల్ల ఆ దేశములలో కొన్నాళ్లపాటు తిరిగిరావచ్చును. ఇంగ్లండు ఆ కట్టుబాటులో ఎన్నడును చేరలేదు. 2020లో ఐరోపా సమాఖ్యనే విడిచిపోయినది. కావున హైదరాబాదునుండి పోవువారు ఎట్లు వీసా తెచ్చుకొనవలెనో, పారిసునుండి పోవు మన పిల్లయు అట్లే తెచ్చుకొనవలెను. వ్రేలిముద్రలు ఈయవలెను, ధనమున్నట్లు కాగితములు చూపవలెను, అక్కగారి పిలుపుజాబు జతపరుపవలెను. నిర్ణయమునకు సాధారణముగ మూడువారములు పట్టును. ఫ్రాన్సు పౌరురాలైన ఆమె స్నేహితురాలు మాత్రము, తలచుకొన్న నాడు ఇంటినుండి చిన్న దరఖాస్తు పంపి, అనుమతి వచ్చిన వెంటనే బండి యెక్కవచ్చును. ఒకే గది, ఒకే వీధి, ఒకే రైలు. ఒకతెకు లండను ఐదుగంటల దూరము. మరియొకతెకు మూడువారముల ఐదుగంటలు.

చిన్ననాడు మా నాయనగారు నాకు మనుచరిత్ర చెప్పినప్పుడు ప్రవరాఖ్యుని పాదలేపము నాకెంతో వింతగ నుండెడిది. సిద్ధు డిచ్చిన పసరు పాదములకు పూసికొని ఆ బ్రాహ్మణుడు క్షణములో హిమాలయము చేరెను గదా! మంచు తగిలి పసరు కరగిపోవుటచే ఇల్లు చేరు దారి తెలియక, కనబడిన వరూధినిని త్రోవ యడిగెను. కరగిపోయిన దాని సంగతి తిరిగిపోవలెననుకొన్నప్పుడు గాని ఆయనకు తెలియలేదు. ఈ సంగతి జ్ఞప్తికివచ్చి, “అమ్మాయీ, పోవుటకు వీసా సంపాదింతువు, తిరిగి పారిసు వచ్చుటకు నీ అనుమతి కాలము మిగిలియున్నదా?” అని యడిగితిని. అది కాగితములు వెదకి చూచి సెప్టెంబరువరకు ఉన్నదనెను. పసరు కరగలేదని పిన్నిగారితో చెప్పితిని. ఆమె నవ్వలేదు.

ఆ వారముననే చిన్నమ్మాయి దరఖాస్తు పెట్టినది. దాని పాసుపోర్టు తిరిగి చేతికి వచ్చుటకు పందొమ్మిది దినములు పట్టెను. ఆ పందొమ్మిది దినములును పిన్నిగారు ఉదయమున తులసికోట దగ్గర ఎంతసేపు నిలిచిరో నేనెరుగుదును. పరీక్షలు ముగిసిన మరునాటికి, అనగా వైద్యులు చెప్పిన తేదీకి వారము ముందునకు, రైలు టిక్కెట్టు కొన్నది. అందరమును ఊపిరి పీల్చుకొంటిమి.

బిడ్డ మాత్రము వైద్యుల లెక్కకు పదిదినములు ముందుగ వచ్చుటకు నిశ్చయించుకొన్నది. టిక్కెట్టునకు ఇంకను మూడుదినములున్నవి.

అర్ధరాత్రి దాటి రెండున్నరకు మా తలుపు తట్టిన చప్పుడైనది. లండనులో అప్పుడు రాత్రి పదిగంటలు. పెద్దమ్మాయికి ఉమ్మనీరు పోయినదని, ఆసుపత్రికి పోవుచున్నామని అల్లుడు ఫోను చేసెను. పారిసులో పదకొండు. నేను పిన్నిగారి యింటికి పోవునప్పటికి ఆమె చిన్నమ్మాయితో మాటలాడుచుండిరి. ఆ పిల్ల గొంతు నాకును వినబడుచున్నది: “ఆఖరి బండి వెళ్లిపోయిందమ్మా. విమానాలూ లేవు. తెల్లవారితే గాని ఏమీ లేదు.”

ఆ రాత్రి మేము మువ్వురమును నిద్రపోలేదు. బాబయ్యగారు మంచముమీద కన్నులు తెరచి పడుకొనియుండిరి. పిన్నిగారు గంటగంటకును “ఇప్పుడెక్కడుందే?” అని యడిగెడివారు. “గదిలోనే యున్నదండీ” అనుటకు మించి నాయొద్ద జవాబు లేదు. మూడుగంటలకును గదిలోనే. నాలుగుగంటలకును గదిలోనే. విమానము 26 నిమిషములలో పోగల దూరము అది. మెలకువతో కూర్చున్న ఆడుపిల్ల, చేతిలో వీసా, కట్టిన పెట్టె. ఐనను రాత్రివేళ ఆ నగరములు రెండును తమ తమ వాకిళ్లు మూసికొన్న రెండు లోకములు. పిన్నిగారు ఒకమారు, “విశాఖకైతే ఏ లారీ అన్నా దొరికేది” అనిరి.

మన గడియారమున ఎనిమిదిన్నరకు చిన్నమ్మాయి గది విడిచినది, పారిసులో ఐదు. పాత టిక్కెట్టు మార్చుటకు దాదాపు మొదటి దాని వెలయంత తీసికొనిరట. ఏడుగంటల తరువాతి బండి. పది దాటిన పదినిమిషములకు ఫోను మ్రోగెను. అది స్టేషనులో పాసుపోర్టు బారులో నిలిచియే మాటలాడుచున్నది: “అమ్మా, ఆడపిల్ల! బావ ఇప్పుడే చెప్పాడు. అక్క బాగుంది. ఆరు నలభైకి పుట్టింది.” పిన్నిగారు ఏడ్చుచునే పంచాంగము వెనుక ‘6-40’ అని వ్రాసిరి.

చిన్నమ్మాయి ఆసుపత్రి చేరునప్పటికి పాప పుట్టి నాలుగుగంటలైనది. అక్క ప్రక్కన కూర్చుండి పాపను ఫోనులో మాకు చూపినది. పొత్తిగుడ్డలు మాత్రము పిన్నిగారి పెట్టెలోనే యున్నవి. ఆసుపత్రివారి తెల్లని తువ్వాలులో చుట్టియుండుట చూచి ఆమె “ముతకగా ఉంటుందేమో” అని రెండుమారులనిరి.

పదకొండవనాడు శాస్త్రిగారు జాతకము వ్రాయుటకు వచ్చిరి. పిన్నిగారు పంచాంగము తెచ్చి, లండనులో 6-40 అని చెప్పిరి. అప్పుడు నాకు తట్టినది. ఆ మాట చెప్పినది పారిసు స్టేషనులో నిలిచిన పిల్ల. అది చూచినది పారిసు గడియారము. “పిన్నిగారూ, లండనులో అప్పుడు 5-40 అండీ” అంటిని. గంట తేడాలో లగ్నము మారినను మారవచ్చునని శాస్త్రిగారు కలము ఆపిరి. అంతలో మంచముమీదనుండి బాబయ్యగారు చేయి చాచి పంచాంగము తెమ్మనిరి. జబ్బుపడిన తరువాత ఆయన అక్షరము వ్రాసి యెరుగరు. ఎడమచేతితో కలము పట్టుకొని 6ను కొట్టివేసి, ప్రక్కను వంకరగ 5 వేసి, శాస్త్రిగారి చేతికిచ్చిరి.

శాస్త్రిగారు దానిని చూచి, వేసవిలో లండనువారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు గనుక గ్రీన్విచి లెక్కకు ఇంకొక గంట తీసివేయవలెనని చెప్పి, 4-40 అని వేసికొనిరి.

“ఇంకా ఎన్నిసార్లు మారుస్తారయ్యా,” అనిరి పిన్నిగారు, “పిల్ల పుట్టింది ఒక్కసారేగా!”